రాతి గదిలో రెండు చిన్న పెట్టెలు

బేతంచెర్ల బండలు పరిచిన ఖాళీ గదిలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు వెంటనే ఆగదు. గోడకూ గోడకూ మధ్య ట్ర్‌ర్‌మని కొట్టుకుంటూ కాసేపు తిరిగి, ఆ తర్వాత గానీ సద్దుమణగదు. నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఇప్పుడు కట్టే ఇళ్లు చాలావరకు ఇలాంటివే. కింద నాపరాయో గ్రానైటో, చుట్టూ సిమెంటు పూసిన గోడలు, పైన కాంక్రీటు స్లాబు. వేసవిలో పాదానికి చల్లగా తగిలే ఈ నేల పాటకు మాత్రం కఠినమైనది. ఇంట్లో తీరిగ్గా సంగీతం వినడానికి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొనాలనుకునేవారు నన్ను మొదట అడిగేది ఏ కంపెనీవి కొనాలని. నేను ముందుగా అడిగేది గది కొలతలు, ఆ తర్వాత గదిలో ఎంత గుడ్డ, ఎంత దూది ఉందని. స్పీకరు పుట్టించే నాదం సగమే. మిగతా సగం గది చేర్చి చెవికి అందిస్తుంది.

ఈ మాటకు ఆధారంగా ఒక లెక్క చూద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గది ఘనపరిమాణం సుమారు 34 ఘనపు మీటర్లు. నేల, కప్పు, నాలుగు గోడలు కలిపి 63 చదరపు మీటర్లు. రాయి, సిమెంటు పూత తమ మీద పడిన ధ్వనిశక్తిలో నూటికి 3 పాళ్లు మాత్రమే పీల్చుకుంటాయనుకుందాం. అంటే ఆ 63 చదరపు మీటర్లు చేసే శోషణ 2 చదరపు మీటర్లకు కూడా రాదు. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే, ధ్వనిశక్తి పది లక్షల్లో ఒక వంతుకు తగ్గడానికి ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. మన ఖాళీ గదికి అది దాదాపు 2.9 సెకన్లు. విద్వాంసుడు సెకనుకు ఎనిమిది స్వరాల వేగంతో స్వరకల్పన చేస్తుంటే, ఒక స్వరం పూర్తిగా అణగకముందే ఇరవై పైచిలుకు స్వరాలు దాని మీద వచ్చి పడతాయి. అదే గదిలో పరుపు, బొంతలు, మందపాటి తెరలు, బట్టల అలమర, కూర్చున్న మనుషులు కలిసి మరో 10 చదరపు మీటర్ల శోషణ తెచ్చారనుకోండి. ఆ 2.9 సెకన్లు అర సెకను లోపలికి దిగుతాయి. ఎంత ఖరీదైన స్పీకరూ తనంతట తాను ఈ మార్పు తేలేదు.

ఈ సూత్రం వాలెస్ సబీన్‌ది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ కళా మ్యూజియం ఉపన్యాసశాలలో మాట అర్థం కావడం లేదని, దాన్ని బాగుచేసే పని ఈ యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రివేళ, ఊరు సద్దుమణిగాక, దగ్గర్లోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి పరిచేవాడు. ఆర్గన్ గొట్టం మోగించి ఆపి, నాదం చెవికి అందకుండా పోయేదాకా కాలం కొలిచేవాడు. మళ్లీ కొన్ని మెత్తలు పెంచి మళ్లీ కొలిచేవాడు. శోషణకు ఆయన మొదట తీసుకున్న కొలమానం తెరిచిన కిటికీ. బయటికి పోయిన నాదం తిరిగి రాదు కనుక తెరిచిన కిటికీ నూటికి నూరు పాళ్లు పీల్చుకున్నట్టే లెక్క. మన ఖాళీ గదిలో నాలుగడుగుల చదరపు కిటికీ ఒక్కటి తెరిచినా శోషణ ఇంచుమించు ఒకటిన్నర చదరపు మీటర్లు పెరుగుతుంది. అంటే ఉన్నది దాదాపు రెట్టింపవుతుంది. సాయంత్రం గాలికి కిటికీలు తెరుచుకుని రేడియో వినే పాత అలవాటులో ఇంత శాస్త్రం దాగి ఉందని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

సబీన్ వాడిన మెత్తలు మనకు కొత్తవేమీ కావు. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి భూములు పత్తికి పేరు పడ్డవి. ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ‘నరసింహ’ పత్తి రకం పేరు రైతులకు బాగా తెలుసు. దూది పోగుల సందుల్లో గాలి కదిలేటప్పుడు రాపిడి పుట్టి, ధ్వనిశక్తి వేడిగా మారి అణగిపోతుంది. అయితే మందం ముఖ్యం. పలుచని జంపఖానా పై స్వరాలను మాత్రమే పీలుస్తుంది. గోడకు ఆనించిన నాలుగంగుళాల దూదిపరుపు సుమారు 850 హెర్ట్జ్ నుంచి పైకి గట్టిగా, అంతకు కింద కొంతవరకు పనిచేస్తుంది. గోడకూ పరుపుకూ మధ్య జానెడు ఖాళీ వదిలితే ఇంకా కిందికి దిగుతుంది. మద్దెల ఎడమ మూత ఘోషలాంటి మంద్రనాదం మాత్రం ఈ దూదికి సులభంగా లొంగదు. దాన్ని స్పీకరును ఎన్నుకునేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఇక స్పీకరు సంగతి. అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ప్రకటించిన నిర్మాణమే మూలంలో ఇప్పటికీ నడుస్తోంది. అయస్కాంతం మధ్య తీగచుట్ట, దానికి అతికించిన శంకువు. తీగచుట్టలో విద్యుత్తు ఊగితే శంకువు ఊగి గాలిని కదుపుతుంది. చిన్న స్పీకరులో సాధారణంగా ఐదు లేక ఆరున్నర అంగుళాల వూఫరు, ఒక అంగుళం ట్వీటరు ఉంటాయి. వచ్చిన సంకేతాన్ని రెండుగా విడదీసి మంద్రాన్ని ఒకదానికి, తారాన్ని మరొకదానికి పంచేది క్రాసోవర్. ఈ పంపకం జరిగే చోటు, అంటే ఇంచుమించు 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ప్రాంతం, రాతి ఇళ్లవారికి అన్నిటికంటే ముఖ్యమైనది.

శంకువు వెడల్పు కన్నా నాద తరంగం పొడవు చాలా ఎక్కువైతే నాదం అన్ని వైపులకూ పరుచుకుంటుంది. తరంగం పొట్టిదై శంకువు వెడల్పుకు దగ్గరపడే కొద్దీ టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది. ఆరున్నర అంగుళాల వూఫరులో నిజంగా కదిలే భాగం దాదాపు 13 సెంటీమీటర్లు. 2,600 హెర్ట్జ్ తరంగం పొడవూ అంతే. కాబట్టి ఆ దరిదాపుల్లో వూఫరు నాదం సన్నబడి ఉంటుంది. అక్కడే చిన్న ట్వీటరు అందుకుని ఒక్కసారిగా నలుదిక్కులకూ చల్లుతుంది. ఎదురుగా కూర్చున్న చెవికి ఈ తేడా తెలియదు. గోడలకు తెలుస్తుంది. దుప్పట్లు, సోఫాలు నిండిన గదిలో ఆ పక్క నాదం దారిలోనే అణగిపోతుంది. నాపరాతి గదిలో అది చెక్కుచెదరకుండా తిరిగొచ్చి గాయకుడి గొంతుకు రేకు డబ్బా మోత అంటగడుతుంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ తెర వెనక స్పీకర్లు పెట్టి, పేర్లు చెప్పకుండా శ్రోతలకు వినిపించి పరీక్షలు జరిపాడు. ఎదుటి నాదం సమంగా ఉండి, పక్కల నాదం కూడా ఎగుడుదిగుళ్లు లేకుండా క్రమంగా తగ్గే స్పీకర్లనే శ్రోతలు ఎక్కువగా మెచ్చుకున్నారు. అందుకే పరీక్షాఫలితాల్లో పక్కకోణాల కొలతలు ప్రచురించే తయారీదారుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ట్వీటరు చుట్టూ పళ్లెంలా పల్లపు అంచు ఉన్న నమూనాలు ఈ అతుకును తరచు చక్కగా సర్దుతాయి. ఐదంగుళాల వూఫరుకు ఈ చిక్కు మరికొంత పైకి, 3,000 హెర్ట్జ్ దాటాక గానీ రాదు. మన గదులకు అది మేలు.

ఐదంగుళాలైతే మంద్రం చాలదేమోనని భయం. ఒకటో శ్రుతి పెట్టిన పురుషస్వర తంబూరాలో మంద్ర షడ్జమం 65 హెర్ట్జ్. 60 హెర్ట్జ్ దాకా నిజాయితీగా దిగే చిన్న స్పీకరు ఆ తీగను పూర్తిగా పలికిస్తుంది. పైగా గది తన వంతు కలుపుతుంది. ధ్వనివేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే ఆ దిశలో అనునాదం ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. 12 అడుగులకు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56. మన లెక్కలో వెడల్పు, ఎత్తు రెండూ 10 అడుగులే కనుక 56 దగ్గర రెండు అనునాదాలు ఒకదాని మీద ఒకటి పడి బుంయ్‌మంటాయి. గది కట్టబోయేవారు మూడు కొలతలూ వేరుగా పెట్టుకుంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. వేసవిలో గాలి 40 డిగ్రీలు చేరితే ధ్వనివేగం సెకనుకు 343 నుంచి 355 మీటర్లకు పెరుగుతుంది. నాదస్వరం వాయించేవారికి ఎండకు శ్రుతి ఎక్కడం అనుభవమే. గదికి మాత్రం ఆ తేడా రెండు హెర్ట్జ్ మించదు.

మంద్రం కోసం పెట్టెకు రంధ్రం పెట్టే పద్ధతి ఉంది. సీసా మూతి మీద ఊదితే వచ్చే హూంకారం లాంటిదే దాని పని. దాంతో పెట్టె మరికొంత కిందికి పలుకుతుంది కానీ, ఆ హద్దు దాటాక స్థాయికి 24 డెసిబెళ్ల చొప్పున నాదం పడిపోతుంది. 1954లో ఎడ్గార్ విల్చర్ ప్రచారంలోకి తెచ్చిన మూసిన పెట్టెలో ఆ పతనం 12 డెసిబెళ్లే. మూసిన పెట్టె నెమ్మదిగా తగ్గిన చోట మన గది నెమ్మదిగా పెంచుతుంది. చిన్న రాతి గదికి నా మొగ్గు మూసిన పెట్టె వైపే. అది దొరక్కపోతే రంధ్రం ముందువైపు ఉన్నది. కారణం మన గూళ్లు. పాత మిద్దె ఇళ్లలోనే కాదు, కొత్త ఇళ్లలోనూ గోడలో గూడు వదలడం మన అలవాటు. స్పీకరు తెచ్చి అందులో దూర్చేస్తాం. వెనక రంధ్రం ఉన్న పెట్టెను గూట్లో పెడితే ముక్కు మూసినట్టే. గోడ ఒక్కటి వెనక ఉంటేనే మంద్రం 6 డెసిబెళ్ల దాకా ఉబ్బుతుంది, మూల అయితే ఇంకా ఎక్కువ. గూడు తప్పనిసరి అయితే పెట్టె ముఖం గోడతో సమంగా వచ్చేలా ముందుకు జరిపి, చుట్టూ సందుల్లో దూది కూరాలి.

పెట్టె నాణ్యత తెలుసుకోవడానికి ఆళ్లగడ్డ శిల్పుల పద్ధతి ఒకటి అక్కరకొస్తుంది, కాకపోతే తలకిందులుగా. విగ్రహానికి రాయి ఎంచేటప్పుడు దాన్ని తట్టి, మోత విని, గంటలా పలికే రాయిని మేలైనదిగా ఎంచడం శిల్పశాస్త్ర సంప్రదాయం. స్పీకరు పెట్టెను అలాగే వేలి కణుపుతో తట్టండి. అది గంటలా పలికితే వద్దు. ధప్‌మని మూగగా ఉండాలి. పలికే పెట్టె ప్రతి రాగానికీ తన సొంత స్వరం కలుపుతుంది. బీబీసీ 1970ల నడుమ ప్రసార వ్యానుల్లో వాడుకోవడానికి రూపొందించిన ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకరులో పలుచని బర్చ్ చెక్కకు లోపల బరువైన పట్టీలు అతికించి ఆ మోతను అణిచారు. ఇరుకు వ్యానులో మనిషి గొంతు సహజంగా వినిపించడమే దాని పని. అర్ధశతాబ్దం తర్వాతా దాన్ని కోరేవారున్నారు. శిల్పులు చెక్కే రాయి మాత్రం స్పీకరు కింద పీఠంగా అద్భుతంగా పనికొస్తుంది. బరువు వల్ల పెట్టె ఊగదు. పీఠం ఎత్తు కూర్చునే తీరును బట్టి చెక్కించుకోవాలి. ట్వీటరు చెవికి సమంగా ఉండాలి. కుర్చీలో కూర్చుంటే చెవి ఇంచుమించు మీటరు ఎత్తులో ఉంటుంది. చాప మీద కూర్చుని వినేవారికి ఆ ఎత్తు చాలా ఎక్కువ. అట్టపెట్టె మీది కొలతల కన్నా ఇంట్లో పెద్దలు ఎక్కడ కూర్చుంటారన్నది చూసి పీఠం చేయించండి.

వాట్ల మోహం గురించి రెండు మాటలు. డబ్బాల మీద వేల వాట్ల పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అంకెలు చూసి మోసపోవద్దు. స్పీకరుకు ఇచ్చిన విద్యుత్తులో నాదమయ్యేది నూటికి అర పాలు కూడా ఉండదు, మిగతాది తీగచుట్ట వేడెక్కడానికే. ఒక వాటుకు మీటరు దూరంలో 86 డెసిబెళ్లిచ్చే జతను రెండున్నర మీటర్ల దూరం నుంచి వింటే, ఒక్కో పెట్టెకు ఒక్క వాటుతోనే 81 డెసిబెళ్లు వస్తాయి. ఇంట్లో వినే 75కు పావు వాటు చాలు. మృదంగం దెబ్బ పడ్డప్పుడు క్షణకాలం 20 డెసిబెళ్లు పైకి లేస్తుంది, దానికి 25 వాట్లు. నిజమైన 30 వాట్ల ఆంప్లిఫయర్ ఈ గదికి సంపూర్ణంగా సరిపోతుంది. 50 నుంచి 20,000 హెర్ట్జ్ అని మాత్రమే రాసి, ఎన్ని డెసిబెళ్ల హెచ్చుతగ్గుల లోపల అన్నది రాయని ప్రకటననూ నమ్మకండి.

నేను ఒకసారి నగరంలో తివాచీలు పరిచి మెత్తలు అతికించిన ప్రదర్శన గదిలో విని, ముచ్చటపడి ఒక జత తెచ్చుకున్నాను. ఇంట్లో అదే పాట గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. పెట్టెలు మార్చాలనుకునే లోపే అటక మీది రెండు పరుపులు దించాను. వాటిని ఎక్కడ నిలబెట్టాలో అద్దం చెబుతుంది. ఒకరు గోడ వెంట అద్దం జరుపుతూ పోతుంటే, వినే చోట కూర్చున్నవారికి అద్దంలో ట్వీటరు కనిపించిన చోట మొదటి ప్రతిధ్వని పుడుతుంది. అక్కడ పరుపు నిలబెట్టి మళ్లీ విన్నాను.

వినడానికి ఏం పెట్టాలంటే, ముందుగా తంబూరా ఒక్కటే. తీగ కింద ఇరికించే సన్నని నూలుపోగు వల్ల పుట్టే ఆ జీరలో వందల హెర్ట్జ్ నుంచి వేల దాకా అనుస్వరాలు పొరలు పొరలుగా ఉంటాయి. క్రాసోవర్ అతుకు సరిగా లేకపోతే ఆ పొరల్లో ఒకచోట బొక్క పడినట్టు తెలిసిపోతుంది. ఆ తర్వాత స్పష్టంగా చదివిన తెలుగు వచనం. ‘శ’కూ ‘స’కూ తేడా నిలవాలి. ‘స’ ఈలలా గుచ్చకూడదు. చివరగా 1957 నాటి ‘మాయాబజార్’ పాటల మోనో రికార్డు. రెండు పెట్టెలకూ సమదూరంలో కూర్చోండి. రెండిటిలోనూ ఒకే నాదం వస్తోంది కనుక, పెట్టెలు నిజమైన జతై, గది అదుపులో ఉంటే, ఘంటసాల గొంతు ఎడమ పెట్టెలోనూ కుడి పెట్టెలోనూ ఉండదు. రెండిటి నడుమ ఏమీ లేని గోడ దగ్గర, మనిషి నిలబడ్డ ఎత్తులో, ఒక్కచోట నిలుస్తుంది. అది అటో ఇటో జరిగితే ఆ వైపు గోడ చూడండి. కిటికీ మూసి ఉందేమో, బొంత జారిందేమో.