డాక్టరు చేతికి చేరేదాకా

మన విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి "సార్, సావనీరుకు మీరొక వ్యాసం వ్రాయాలి, పాత విద్యార్థులు కదా" అన్నప్పుడు కాలేజీ జ్ఞాపకాలు వ్రాయమంటాడేమోననుకొన్నాను. అవి ఏటా మూడో నాలుగో వస్తూనే వుంటాయి. క్యాంటీను టీ గూర్చీ హాస్టలు సాంబారు గూర్చీ నాకంటె బాగా వ్రాసేవాళ్లున్నారు. ఆ కుర్రవాడు మాత్రం "అంబులెన్సు వాళ్లకు మీరేం నేర్పుతారో అది వ్రాయండి" అన్నాడు. సరే, అదే వ్రాస్తున్నాను. అయితే దానికీ హాస్టలు జ్ఞాపకమొకటి అడ్డం వస్తూనే వుంది. దానితో మొదలుపెట్టక తప్పదు.

1984 చలికాలం. బి.యస్సీ. రెండో సంవత్సరంలో వున్నాను. పక్కగది మిత్రుడికి ఉబ్బసం. అర్ధరాత్రి దాటాక వచ్చి తలుపు కొట్టాడు, నోట మాట లేదు, పిల్లికూతలు మాత్రం గదంతా వినబడుతున్నాయి. నలుగురం పోగయ్యాం. కంగారులో మేం చేసిన మొదటి పని వాణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టడం. వాడు లేచి కూర్చోబోతే "కదలకురా, పడుకో" అని భుజాలు పట్టి అదిమాం. రిక్షాలో కూడా ఒళ్లో అడ్డంగా పడుకోబెట్టుకొనే తీసుకుపోయాం. దారిలో పిల్లికూతలు ఆగిపోయాయి. "తగ్గిందిరా" అని మాలో ఒకడు సంతోషించాడు కూడా. ఆసుపత్రి గేటు చేరేసరికి వాడు లేడు.

మా నలుగురిలో ముగ్గురం జంతుశాస్త్రం వాళ్లం. డయాఫ్రం బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే నిండు మార్కులు తెచ్చుకొన్నవాళ్లం! పడుకొన్న మనిషికి కడుపులోని అవయవాలు ఆ డయాఫ్రంను పైకి నెడతాయనీ, ఊపిరాడనివాడు లేచి కూర్చుని మోకాళ్లమీద చేతులు ఆనించి ముందుకు వంగేది మెడ కండరాలనూ భుజాల కండరాలనూ కూడా శ్వాసకు సాయం తెచ్చుకోవడానికనీ మాకు తట్టలేదు. పిల్లికూత రావాలన్నా కొంత గాలి ఆడాలి గదా! రోగి తేరుకోకుండా కూత ఆగిందంటే గాలే ఆగిందన్నమాట. ఈ రెండు సంగతులూ నాకు ఒంటబట్టడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఉబ్బసంతో బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి ఒకాయన వల్లనే ఈ చదువు చాలా భాగం పుట్టింది. ఆయన పేరు పీటర్ సాఫర్. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మత్తు వైద్యుడు. మనిషి విడిచిన గాలి కూడా మరొక మనిషిని బ్రతికించడానికి చాలునని 1950ల్లో బాల్టిమోరులో ప్రయోగాలు చేసి చూపినవారిలో ముఖ్యుడు. అంతటి మనిషి కూతురే 1966లో ఉబ్బసంతో పోయింది. ఆ రోజుల్లో పిట్స్‌బర్గ్ నగరంలో రోగులను ఎక్కువగా పోలీసు బండ్లలో తెచ్చేవారు. ముందు సీట్లో పోలీసులు, వెనక రోగి. దారిలో ఏమైనా చూసే దిక్కు లేదు.

సాఫర్ అప్పుడు చేసిన పని నాకు ఎప్పుడు తలచుకొన్నా ఆశ్చర్యమే. 1967లో ఆ ఊరి హిల్ డిస్ట్రిక్ట్ అనే పేదపేటలోంచి, పనీపాటా లేరని అందరూ చులకనగా చూసే నల్లజాతి యువకులను తీసుకొన్నారు. కొందరు హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. వాళ్లకు సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చారు. శరీర నిర్మాణం, శ్వాసమార్గం తెరవడం, గుండె నొక్కడం, వీటన్నిటికీ తోడు ఆసుపత్రిలో నిజమైన రోగుల దగ్గర పని. మరుసటి ఏటికి "ఫ్రీడమ్ హౌస్" అంబులెన్సులు వీధుల్లోకి వచ్చాయి. తరువాత నాన్సీ కారొలైన్ అనే యువ వైద్యురాలు వాళ్లకు పై చదువు చెప్పింది. పారామెడిక్కుల కోసం ఆమె వ్రాసిన పుస్తకం కొత్త కూర్పులతో నేటికీ నడుస్తోంది. ఇంత జరిగాక, 1975లో నగరపాలకులు తమ సొంత అంబులెన్సులు పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసివేశారు. కొత్త ఉద్యోగాల్లోకి తీసుకొన్న పాతవాళ్లలో చాలామంది నిలవలేకపోయారు. ఎందుకు నిలవలేదో మన దేశంలో పుట్టినవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

మన దగ్గర ఆ చదువుకు పెద్దయెత్తున మొదలు 2005 ఆగస్టు 15. ఆ రోజున హైదరాబాదులో 108 సేవ మొదలైంది. బండిలో ఒక డ్రైవరు, ఒక ఇ.ఎం.టి. డ్రైవరును అక్కడ "పైలట్" అంటారు, ఆ గౌరవం నాకు నచ్చింది. ఇ.ఎం.టి.లుగా చేరినవాళ్లలో మన బోటి సైన్సు గ్రాడ్యుయేట్లే ఎక్కువ. ఆ కుర్రవాళ్లకు శరీర శాస్త్రం చెప్పమని పిలిస్తే వెళ్లాను. పాఠం కన్నా చేతి పని ముఖ్యమని అక్కడే తెలుసుకొని, ముందు నేను నేర్చుకొని, తరువాత నేర్పడం మొదలుపెట్టాను.

నేర్పేటప్పుడు మొదటి చిక్కు మన భాషలోనే వచ్చింది. పత్రికల్లో ఎవరు హఠాత్తుగా పోయినా "గుండెపోటుతో మృతి" అని వేస్తారు. నిజానికి ఇవి రెండు వేరు వేరు ఆపదలు. గుండెపోటంటే గుండెకు రక్తం తీసుకుపోయే కాలవకు అడ్డు పడటం. మనిషికి స్పృహ వుంటుంది, నొప్పి చెబుతాడు, చెమటలు పోస్తాయి. అతణ్ణి నడవనివ్వకూడదు, పడని కారణమేదీ లేకపోతే ఆస్పిరిను నమిలించాలి, వేగంగా చేర్చాలి. గుండె ఆగడమంటే మోటారుకు కరెంటు తప్పినట్లు. మనిషి కుప్పకూలుతాడు, పిలిస్తే పలకడు. ఇక్కడ లెక్క నిమిషాల్లో. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మొదటిది రెండవదిగా మారవచ్చు గనుకనే గుండెపోటు రోగి పక్కన ఇ.ఎం.టి. కళ్లు ఆర్పకుండా కూర్చోవాలి.

గుండె ఆగినప్పుడు బయటినుంచి నొక్కి రక్తం నడిపించవచ్చునని కనిపెట్టిన ముగ్గురిలో ఇద్దరు డాక్టర్లు కారంటే మన ఇంజనీరింగు మిత్రులు సంతోషిస్తారు. జాన్స్ హాప్కిన్స్‌లో కోవెన్‌హోవెన్ అనే విద్యుత్ ఇంజనీరు, ఆయన దగ్గర పని చేస్తున్న నికర్‌బాకర్ అనే యువకుడు కుక్కలకు షాకిచ్చే ప్రయోగాలు చేస్తున్నారు. షాకు ఇవ్వకముందే, ఆ పలకలు ఛాతీకి గట్టిగా అదిమినంత మాత్రాన రక్తపోటు పెరగడం నికర్‌బాకర్ గమనించాడు. జూడ్ అనే శస్త్రవైద్యుడు వాళ్లతో కలిశాడు. 1960లో వ్యాసం అచ్చయింది. అదే ఏడు నార్వేలో లార్డాల్ అనే బొమ్మల వ్యాపారి అభ్యాసానికి "ఆన్" అనే బొమ్మను చేశాడు. దాని కూతురి వంటి కూతురు మా క్లాసులో నేలమీద పడుకొని వుంది.

బొమ్మ దగ్గర అందరూ మొదట ఒకే తప్పులు చేస్తారు. మోచేతులు వంచుతారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కమంటే 150కి పరుగెత్తుతారు. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా వుండాలంటే, పక్కటెముకలు విరుగుతాయని భయపడి పైపైన తడుముతారు. అన్నిటికన్నా కనబడని తప్పు, నొక్కిన తరువాత ఛాతీమీద బరువు వదలకపోవడం. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి మళ్లీ రక్తం వచ్చేది. చేతిపంపు కొట్టినవాళ్లకు ఈ సంగతి చిటికెలో తెలుస్తుంది: పిడిని పూర్తిగా పైకి పోనివ్వకపోతే నీళ్లు వస్తాయా? పల్లెటూరి పిల్లలు దీన్ని నగరం పిల్లలకన్నా త్వరగా పట్టుకొంటారని నా అనుభవం. రెండు నిమిషాలకు మనిషి మార్చాలి. అలసట మనకు తెలిసేలోపే లోతు తగ్గిపోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది అంతకన్నా కష్టం. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు నోరు తెరచి, ఆగి ఆగి గుటకలు వేసినట్లు ఎగపీలుస్తారు. మనవాళ్లు దాన్నే ఎగశ్వాస అంటారు. "ఇంకా ఊపిరుందండీ" అని ఒకరంటారు, మరొకరు తులసితీర్థం గొంతులో పోస్తారు. స్పృహ లేని మనిషికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి. పలకని మనిషికి వచ్చే ఎగశ్వాస శ్వాస కాదు, ఛాతీ నొక్కడం మొదలుపెట్టమనే గుర్తు. ఈ మాట చెప్పడం తేలిక. ముసలితల్లి చేతిలో తీర్థం గిన్నె వున్నప్పుడు "అమ్మా, కొంచెం పక్కకు రండి" అని మర్యాదగా, కానీ గట్టిగా అనగలగడం నేర్చుకోవలసిన విద్య. అందుకే క్లాసులో ఒకరిని తల్లిగా, ఇద్దరిని అరిచే అన్నదమ్ములుగా నిలబెడతాను. నిశ్శబ్దంలో బ్రహ్మాండంగా చేసినవాడు ఆ గోలలో 30 నొక్కుళ్ల లెక్క మరచిపోతాడు.

షాకు గూర్చి సినిమాలు చెప్పిన అబద్ధం ఒకటుంది. తెరమీద గీత సాపుగా అయిపోగానే హీరోకు షాకిస్తారు, లేచి కూర్చుంటాడు. సాపు గీతకు షాకు పనికిరాదు. గుండె ఒక లయ లేకుండా వణుకుతున్నప్పుడే దానికి పని. ఆలస్యమయ్యే ఒక్కొక్క నిమిషానికీ బ్రతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతులు తగ్గుతుందంటారు. 1966లో బెల్‌ఫాస్ట్‌లో పాంట్రిడ్జ్ అనే వైద్యుడు కారు బ్యాటరీలతో నడిచే 70 కిలోల యంత్రాన్ని అంబులెన్సులోకి ఎక్కించింది ఇందుకే. ఇప్పుడది చేతిపెట్టె అయింది, లయ చదివి షాకు కావాలో వద్దో తానే చెబుతుంది.

ఇక శ్వాస. నాలుక వెనక్కు పడితే తల వెనక్కు వంచి గడ్డం ఎత్తడంతో సగం పని అవుతుంది. ఆ తరువాత సంచీ, మాస్కు. ఇక్కడ చేసే పాపం ఆత్రం. నాడి వుండి ఊపిరి లేని పెద్దవాడికి 6 సెకన్లకొక్కసారి నొక్కితే చాలు. భయపడ్డ చేయి హార్మోనియం తిత్తిలా వాయిస్తుంది. 2004లో అచ్చయిన ఒక పరిశీలనలో, అమెరికాలోని మిల్వాకీలో బాగా చదువుకొన్న పారామెడిక్కులే, గుండె ఆగిన రోగులకు నిమిషానికి సగటున 30 సార్లు ఊదుతున్నట్లు తేలింది. ఎక్కువ గాలి మంచిదే కదా అనుకోవద్దు. ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది.

మన జిల్లాల్లో మరొక రకం ఊపిరి ఆపద ఎక్కువ: పురుగులమందు. నోట నురగ, సూదిమొనంత కంటిపాపలు, ఊపిరితిత్తుల నిండా జిగురు. ఆ జిగురు పీల్చివేయకుండా ఆక్సిజను పెట్టి లాభం లేదు. మందు తడిసిన బట్టలు తీసేయాలి, చేతికి గ్లవుజులుండాలి, లేదంటే సాయానికి వచ్చినవాడే రోగి అవుతాడు. ముసలివాళ్ల ఆయాసం వేరే పరీక్ష. పిల్లికూతలు విని ఉబ్బసమనుకొంటాం. గుండె సరిగా తోడక ఊపిరితిత్తుల్లో నీరు చేరినా అవే కూతలు వస్తాయి. కాళ్లవాపు చూడు, పడుకొంటే ఆయాసం పెరుగుతోందా అడుగు, సందేహమైతే ఫోనులో డాక్టరునడుగు అంటాను. అడగడం నామోషీ అనుకొనేవాడిని నేను బండెక్కనివ్వను.

ఈ విద్యకు ఒక దుర్గుణం వుంది, మరపు. పుస్తకంలోది నిలుస్తుంది గాని, చేతిది కొన్ని నెలల్లోనే జారిపోతుంది. ఏడాదికొకసారి సర్టిఫికెట్టు పునరుద్ధరిస్తే సరిపోదని నా గట్టి అభిప్రాయం. రెండు మూడు నెలలకొకసారి పది నిమిషాలైనా బొమ్మ మీద చేయి పడాలి. 2021లో వచ్చిన కేంద్ర చట్టం పారామెడిక్కును ఆరోగ్య వృత్తుల్లో ఒకరిగా గుర్తించింది, సంతోషం. బొమ్మ దగ్గరకు పంపడానికి మాత్రం డ్యూటీ చార్టులో ఖాళీ వుండాలి గదా!

ఉబ్బసం పాఠానికి నేను బొమ్మను వాడను. ముక్కు మూసుకొని సన్నని స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి తీయమంటాను (ఉబ్బసమున్నవాళ్లను తప్పించి). అర నిమిషానికే అందరూ ముందుకు వంగి కూర్చుంటారు. అప్పుడు "పడుకోండి" అంటాను. ఒక్కరూ పడుకోరు. పోయినేడు నా దగ్గర నేర్చుకొన్న ఒకమ్మాయి రాత్రి రెండింటికి ఫోను చేసి "సార్, వాళ్ల మామయ్య పడుకోబెట్టమని గొడవ చేశాడు. నేను కూర్చోబెట్టే నెబ్యులైజరు పెట్టి తెచ్చాను. ఇప్పుడు మాట్లాడుతున్నాడు" అంది. సరే పడుకోమ్మా అన్నాను గాని, తెల్లవారేదాకా నాకు నిద్ర పట్టలేదు.

కార్యదర్శి, కాలేజీలో ఒకరోజు ఇవన్నీ చేసి చూపిస్తారా అని కూడా అడిగాడు. తప్పకుండా వస్తాను. బొమ్మలు రెండే వున్నాయి గనుక ఒక విడతకు ఇరవైమందికి మించకూడదు. హాస్టలు వార్డెన్లు, వాచ్‌మన్, మెస్సు కుర్రాళ్లు కూడా రావాలి. సభావేదిక, మైకు, దండలు వద్దు. కుర్చీలు తీసేసి చాపలు పరిస్తే చాలు.