రెండు గుబ్బల ట్రిగ్గర్

"సార్, త్రీ నాట్ త్రీ ట్రిగ్గర్ నొక్కితే ముందు జర వదులుగా వస్తది, తర్వాత గట్టిగా తగుల్తది. మా డీపీ రైఫిల్ ఖరాబైందా?" మీటల పాఠం నడుస్తుండగా ఎన్‌సీసీ కుర్రాడొకడు అడిగాడు. ఉప్పుగూడలో నా క్లాసుకి ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ ఏడు రాలేదు. డ్రిల్లు కోసం పేలకుండా చేసిన తుపాకి అది. ట్రిగ్గర్ అమరిక మాత్రం అసలుదే. ఖరాబు కాలేదు. త్రీ నాట్ త్రీ అని పిలిచే ఈ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మొత్తంలో నాకు బాగా నచ్చిన తెలివి ఆ వదులులోనే ఉంది.

బోల్ట్ ముందుకు తోస్తే కాకింగ్ పీస్ అనే ఉక్కు ముక్క సియర్ అనే కొక్కెం ముక్కుకి తగులుకుని ఆగిపోతుంది. బోల్ట్ ఆగదు, కాబట్టి లోపలి స్ప్రింగ్ నలిగి బిగుసుకుంటుంది. సియర్‌ని కిందికి లాగితే పేలుడే. చిక్కంతా ఇక్కడుంది. ఆ రెండింటి పట్టు లోతుగా లేకపోతే తుపాకి కింద పడ్డా పేలొచ్చు. లోతుగా ఉంటే వేలు చాలా దూరం లాగాలి, ఈలోగా గురి చెదురుతుంది. అందుకని ట్రిగ్గర్ పైభాగాన రెండు గుబ్బలు పెట్టారు. మొదటిది 3–4 పౌన్ల బలంతోనే సియర్‌ని చాలావరకు దించేస్తుంది. పట్టు అంచుకి వచ్చేసరికి రెండో గుబ్బ తాకుతుంది, మీట నిష్పత్తి మారిపోతుంది, ఇక 5–6 పౌన్లు కావాలి. వేలికి తగిలే ఆ గట్టిదనానికి అర్థం, మిగిలింది వెంట్రుకవాసే అని. అక్కడ ఊపిరి బిగబట్టి, గుంజకుండా, మెల్లగా పిండాలి.

ఇంత చక్కటి ఏర్పాటుకి శత్రువు చెక్క. సియర్ ఉండేది తుపాకి ఉక్కు దేహంలో. ట్రిగ్గర్ వేలాడేది కింది గార్డుకి. రెండింటి నడుమ చెక్క ఉంది. మే ఎండకి చెక్క కుంచించుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది, గుబ్బలకీ సియర్‌కీ మధ్య దూరం మారి లాగుడు తేడా కొడుతుంది. గార్డు మరను మితిమీరి బిగించినా చెక్క నలగకుండా ముందు మర చుట్టూ చిన్న లోహపు గొట్టం దూర్చారు. అసలు మందు చాలా ఆలస్యంగా దొరికింది: రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వచ్చిన నంబర్ 4 మార్క్ 2 నమూనాలో ట్రిగ్గర్‌ని నేరుగా ఉక్కు దేహానికే తగిలించారు. ఇంత సులువైన మార్పుకి అన్నేళ్లెందుకు పట్టిందో నాకు అంతుపట్టదు.

గురి సవరించడంలో ఇంకో తమాషా. తూటా కుడికి పోతుంటే ముందు సైట్ రేకుని కుడికే జరపాలి. కిందికి పోతుంటే పొట్టి రేకు వేయాలి. వినడానికి తలకిందులుగా ఉంటుంది. కుడికి జరిగిన రేకుని మళ్లీ వెనక సైట్ గాడిలోకి తేవాలంటే గొట్టం మూతి ఎడమకి తిరగక తప్పదు కదా. పాత నమూనాలో రెండు సైట్ల మధ్య దూరం దాదాపు 49 సెంటీమీటర్లు. అంటే రేకు ఒక్క మిల్లీమీటరు జరిగితే 100 మీటర్ల దగ్గర తూటా 20 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. సరూప త్రిభుజాల లెక్క ఇది, తొమ్మిదో క్లాసు పిల్లలు వేసి చూపించగలరు. నంబర్ 4లో వెనక సైట్‌ని కంటి దగ్గరికి, బోల్ట్ మీదికి తెచ్చారు. ఆ దూరం 70 సెంటీమీటర్లు దాటింది, అదే పొరపాటుకి నష్టం తగ్గింది. అమెరికా, కెనడాల్లో సైన్యం వదిలేసిన ఈ తుపాకుల్ని కొనుక్కుని జనం ఈ సవరణలన్నీ ఇంట్లోనే చేసుకుంటారు. మన దగ్గర అది నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సుకి రాదు.

ఈ తుపాకి బోల్ట్ గీసినవాడు స్కాట్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగిన జేమ్స్ పారిస్ లీ. జర్మన్ మౌజర్ 98 వాళ్లు తమ లాకు గట్టిదని వాదిస్తారు, నిజమే. కానీ దాని బోల్ట్ 90 డిగ్రీలు తిప్పాలి, దీనిది 60తో సరి. అందులో 5 తూటాలు, ఇందులో 10. బ్రిటిష్ సిపాయి 300 గజాల లక్ష్యం మీద నిమిషానికి 15 కాల్చాలనే పరీక్ష పెట్టగలిగారంటే ఆ పుణ్యం లీదే.

కలకత్తా దగ్గరి ఇషాపూర్ ఫ్యాక్టరీ 1962 చైనా యుద్ధం తర్వాత ఇదే నమూనాని 7.62 తూటాకి మార్చి 2ఏ, 2ఏ1 చేసింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. రెండు దశల లాగుడు మాత్రం పోలేదు. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో షూటర్లు ఎక్కువగా వాడేది ఆ రకం ట్రిగ్గరే. లాగుడు బరువు పౌన్లలో కాదు, గ్రాముల్లో.