చివరి పేజీ ముందే చూడొద్దు

మా క్లబ్బులో గట్టి రూలు ఒకటే. పుస్తకం పూర్తి చేసినవాళ్ళు, చేయనివాళ్ళ ముందు నోరు మెదపకూడదు. మెదిపితే వచ్చే నెల మీటింగుకి అందరికీ సరిపడా పులిహోర కలిపి తేవాలి.

ఆ రూలు పుట్టడానికి కారణం నేనే. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ చిన్నప్పుడే తేల్చేసింది. ఒక అగాథా క్రిస్టీ నవల (పేరు చెప్పను, మీలో చదవనివాళ్ళు ఉంటారు) రాత్రి ఒంటిగంటకి ముగించి, ఆగలేక పొద్దున్నే స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆవిడ ఇంకా సగంలో ఉంది. “ఆవిడే అని అస్సలు అనుకోలేదు కదే!” అనేశాను. అంతే, కథలో ఉన్న మగవాళ్ళందరూ ఒక్క దెబ్బకి అనుమానంలోంచి బయటపడ్డారు. ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

మేం ఏడుగురం. డాలస్ శివార్లలో ఒకే కాలనీకి అటూ ఇటూ ఉంటాం. ఇద్దరు ఐటీ, ఒకరు ఫార్మసిస్టు, ఒకరు డేకేర్ నడుపుతారు, మిగతావాళ్ళం ఇంటిపట్టునే. అందరికంటే పెద్దావిడకి అరవై దాటాయి, మనవల్ని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ క్లబ్బు ఎవరో ఆలోచించి పెట్టింది కాదు. మా వీధి చివర స్తంభం మీద పక్షిగూడు లాంటి చెక్కపెట్టె ఒకటుంది. మీ పేటలోనూ చూసే ఉంటారు, లిటిల్ ఫ్రీ లైబ్రరీ. 2009లో విస్కాన్సిన్‌లోని హడ్సన్ అనే ఊళ్ళో టాడ్ బోల్ అనే ఆయన, టీచరుగా పనిచేసిన తన తల్లి గుర్తుగా ఇంటిముందు మొదటిది పెట్టాడు. ఇప్పుడవి ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఒక సాయంత్రం నేను అందులో క్రిస్టీ పుస్తకం పెడుతుంటే, వెనకనుంచి ఎవరో “అది నాకిస్తారా, పెట్టెలో పెట్టకుండా?” అని అచ్చ తెలుగులో అడిగారు. ఆవిడే మా రెండో సభ్యురాలు. నా నోటిదురుసుకి మొదటి బాధితురాలు కూడా ఆవిడే.

మాలో చాలామందికి ఈ పిచ్చి ఇక్కడ అంటుకున్నది కాదు. కాకినాడలో మా వీధి మొదట్లో అద్దె పుస్తకాల షాపుండేది. అమ్మకి యద్దనపూడి నవలలు తేవడానికి వెళ్ళి, నాకోసం కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవల ఒకటి గౌను కింద దాచి తెచ్చుకునేదాన్ని. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. ఆడపిల్ల అపరాధ పరిశోధన నవలలు చదివితే చెడిపోతుందని మా నాన్నగారి నమ్మకం. ఆయన బీరువాలోనే నాలుగు దొరికాయని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. ఆ షాపు పుస్తకాలతో వచ్చిన చిక్కల్లా చివరి పేజీలు. ఎందరో చేతులు మారి, అట్ట ఊడి, ఆఖరి నాలుగు పేజీలు ఉండేవి కాదు. ఒక నవలలో హంతకుడెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. అట్ట కూడా లేకపోవడంతో పేరేమిటో కూడా తెలియదు, వెతుక్కుందామన్నా దారిలేదు.

ఇక మా పద్ధతి. నెలకో పుస్తకం. లైబ్రరీలో అందరం ఒకేసారి హోల్డ్ పెడితే ఏడు కాపీలు దొరకవు కాబట్టి రెండుమూడు కాపీలు చేతులు మారుతుంటాయి. చాలా లైబ్రరీల్లో బుక్ క్లబ్బులకోసం ఒకే పుస్తకం కాపీలు సంచిలో పెట్టి ఇస్తారు, మీ ఊళ్ళో అడిగి చూడండి. లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మినప్పుడు డాలరుకో రెండు డాలర్లకో తెచ్చుకున్నవి పసుపు గుడ్డసంచిలో తిరుగుతాయి. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో రాసుకోవడానికి ఒక నోటుబుక్కు. తెలుగువి మాత్రం ఇండియా వెళ్ళినవాళ్ళు తేవాల్సిందే. ఇరవైమూడు కిలోల పెట్టెలో ఆవకాయ సీసాకీ పుస్తకాలకీ జరిగే యుద్ధంలో సాధారణంగా ఆవకాయే గెలుస్తుంది.

అందరం సగం పుస్తకం దగ్గర ఆగి, అనుమానం ఎవరి మీదో చీటీ మీద రాసి, పాత హార్లిక్స్ సీసాలో వేస్తాం. మీటింగు రోజు సీసా తెరుస్తాం. ఎవరెంత తెలివైనవాళ్ళో అప్పుడు బయటపడుతుంది. మా ఫార్మసిస్టు క్రిస్టీ పుస్తకాలంటే ప్రాణం పెడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో క్రిస్టీ టార్కీలోని ఆసుపత్రిలో మందులిచ్చే పని చేసింది, ఆ విషాల జ్ఞానమంతా అక్కడిదే. 1920లో వచ్చిన మొదటి నవలలోనే స్ట్రిక్‌నైన్ వాడింది. అది సీసాలో ఎలా పనిచేస్తుందో మా ఫార్మసిస్టు ఒక మీటింగంతా వివరించింది, మేం టీ తాగడానికి కాస్త జంకాం.

నాకు మాత్రం మిస్ మార్పుల్ ఇష్టం. 1930లో వచ్చిన ‘ద మర్డర్ ఎట్ ద వికరేజ్’ ఆవిడ మొదటి నవల. పల్లెటూళ్ళో అల్లుకుంటూ కూచునే పెళ్ళికాని ముసలావిడ. ఎవరిని చూసినా “ఈయన మా ఊళ్ళో ఫలానా వాడిలా ఉన్నాడే” అనుకుంటుంది, అక్కడే హంతకుడు దొరికిపోతాడు. ఈ విద్య మన అమ్మమ్మలందరికీ ఉంది, కాకపోతే వాళ్ళమీద ఎవరూ నవలలు రాయలేదు.

సుజాతా మాసీ రాసిన ‘ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ మాలో అందరికీ నచ్చిన ఒకే ఒక్క పుస్తకం. 1921 బొంబాయి. పెర్వీన్ మిస్త్రీ అనే పార్సీ లాయరు. ఘోషాలో ఉన్న ముగ్గురు వితంతువుల దగ్గరకి మగ లాయర్లు, మగ పోలీసులు వెళ్ళలేరు, ఈవిడ వెళ్ళగలదు. ఆ పాత్రకి ప్రేరణ కోర్నీలియా సొరాబ్జీ, ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన మొదటి మహిళ. చీటీల మాట మరచిపోయి పెర్వీన్ పెళ్ళి గురించి రాత్రి పదిదాకా మాట్లాడుకున్నాం. ఇక పేజీకో మలుపు తిరిగి, చివరికి అంతా కథ చెప్పేవాడి భ్రమ అని తేల్చే కొత్తరకం థ్రిల్లర్లు నాకు పడవు. మా డేకేర్ ఆవిడకి అవే కావాలి. ఈ గొడవ ఎప్పటికీ తేలదు.

ఇదంతా రాయడానికి అసలు కారణం మాలో అందరికంటే చిన్నది. పేరు రాయను. ఇది రాస్తానని చెప్పినప్పుడు రాయమంది, రాశాక చదివి రెండు వాక్యాలు కొట్టేసింది.

పెళ్ళై వచ్చి ఏడాదిన్నర. హెచ్-4 వీసా. 2015 నుంచి హెచ్-4 వాళ్ళలో కొందరికి పనిచేసే వీలుంది కానీ, భర్త గ్రీన్‌కార్డు పని కొంత ముందుకి సాగితేనే. ఈమెకి ఆ వీలు ఇంకా రాలేదు. లైబ్రరీలో పరిచయమైంది. నడుచుకుంటూ వచ్చేది. టెక్సస్ ఎండలో నడవడమేమిటని అడిగితే “అలవాటక్కా” అంది. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళేది కాదు. “మీ ఇంట్లోనే ఉంచండక్కా, వచ్చి చదువుకుంటా” అనేది. పదకొండింటికి వచ్చి మా వంటింటి బల్ల దగ్గర ముప్ఫయి పేజీలు చదివి, గుర్తుగా చీటీ పెట్టి, రెండున్నరకల్లా లేచిపోయేది. ఫోన్ మోగితే మొదటి రింగుకే ఎత్తేది. రెండుసార్లు వీడియోలో మా వంటిల్లంతా తిప్పి చూపించింది. “మా ఆయనకి మీ కిచెన్ నచ్చింది” అంది. నేను సంతోషపడ్డాను కూడా.

చీటీల పోటీలో మాత్రం ఆ పిల్లకి ఎదురులేదు. ఎనిమిది నెలల్లో ఆరుసార్లు సరిగ్గా చెప్పింది. ఎలా కనిపెడతావని అడిగితే, “అందరి ముందూ మెత్తగా మాట్లాడేవాణ్ణి ముందు అనుమానిస్తానక్కా” అంది. అందరం నవ్వాం.

చూడండి, ఏడుగురు డిటెక్టివ్‌లం. సిగరెట్ పీక ఎక్కడ పడిందో, గడియారం ఎప్పుడు ఆగిందో పేజీ నంబరుతో సహా చెప్పగలం.

తర్వాతి నెల పుస్తకం కెయిగో హిగాషినో రాసిన ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. జపాన్‌లో 2005లో వచ్చింది. ఇందులో హంతకులెవరో మొదట్లోనే చెప్పేస్తాడు రచయిత, కాబట్టి నేను చెప్పినా పులిహోర శిక్ష లేదు. యాసుకో అనే ఆవిడ భోజనం డబ్బాలు అమ్మే షాపులో పనిచేస్తూ కూతుర్ని పెంచుకుంటుంది. విడాకులిచ్చినా వదలని మాజీ భర్త, ఎక్కడికి మారినా వెతుక్కుంటూ వచ్చి డబ్బు గుంజుతాడు. ఒక రాత్రి ఆ ఇంట్లోనే చనిపోతాడు. పక్కింటి లెక్కల మాస్టారు ఆ నేరాన్ని కప్పిపుచ్చడానికి పూనుకుంటాడు. లెక్క గురించి మాట్లాడాల్సిన మీటింగది. మాలో ఒకావిడ, “అంత బాధపడే బదులు మొదట్లోనే పోలీసులకి ఫోన్ చేయొచ్చుగా, ఏం మనిషో!” అంది.

చిన్నది తల ఎత్తకుండానే, “ఫోన్ ఎవరి పేరు మీదుందో” అంది.

ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ లేచి వెళ్ళి, పిల్ల పక్కన కుర్చీ లాక్కుని కూచున్నారు. ఏమీ అడగలేదు. ఆ రోజు రెండున్నరకి నేను దింపుతానంటే వద్దంది, కారు చూస్తే గొడవవుతుందంది.

మర్నాడు మా వంటింట్లో కొంత చెప్పింది. పాస్‌పోర్టు అతని లాకర్లో ఉంది. బ్యాంకు కార్డు లేదు. పుస్తకం కనిపిస్తే చింపేస్తాడు, ఒకటి చింపాడు. అందుకే లైబ్రరీ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళదు, ఫైన్ పడితే లెక్క చెప్పాలి. చెయ్యి చేసుకోవడం గురించి కూడా చెప్పింది, అది ఇక్కడ వద్దంది.

అప్పుడు నేను చేసిన తప్పు కూడా రాస్తాను, మీలో ఎవరికైనా పనికొస్తుంది. “మావారితో చెప్తానుండు, మీ ఆయనతో మాట్లాడతారు” అన్నాను. పిల్ల ముఖం పాలిపోయింది. లేచి చెప్పులేసుకోబోయింది. తర్వాత నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్‌కి (1-800-799-7233, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది) నేనే ఫోన్ చేశాను. బాధితులే కానక్కర్లేదు, స్నేహితులూ చేయొచ్చు, దుభాషి కావాలని అడగొచ్చు. అతన్ని నిలదీయొద్దన్నారు, అలా చేస్తే దెబ్బ ఆమెకే తగులుతుంది. వెళ్ళిపొమ్మని తొందరపెట్టొద్దు, ఎప్పుడు ఏం చేయాలో ఆమే నిర్ణయించుకోవాలన్నారు. ప్రాణం మీదికొస్తే 911. వీసా పోతుందన్న భయం గురించి ఆమె ఒక లాయరుతో మాట్లాడింది. హెచ్ వీసా మీదున్నవారి జీవిత భాగస్వామి హింసకి గురైతే, సొంతంగా వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు చేసుకునే వీలు చట్టంలో ఉందని అప్పుడే మాకు తెలిసింది. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాం, ఒక్కరికీ తెలియదు. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి దక్షిణాసియా ఆడవాళ్ళకోసమే పనిచేస్తోంది, అలాంటి సంస్థలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

తర్వాత రెండున్నర నెలలు మా పసుపు సంచి వేరే పనికి ఉపయోగపడింది. పెళ్ళి సర్టిఫికెట్ కాపీ, వీసా కాపీ, డాక్టరు కాగితాలు ఒక్కొక్కటే వచ్చి పుస్తకాల మధ్యన చేరాయి. పిల్ల యథాప్రకారం పదకొండింటికి వచ్చేది, ముప్ఫయి పేజీలు చదివేది, రెండున్నరకి వెళ్ళేది. మాలో ఒకావిడ “కొత్తకాపురం, సర్దుకుంటుందేమో” అన్నప్పుడు పెద్దావిడ, “నేను ముప్ఫయ్యేళ్ళు సర్దుకున్నాను, చాలు” అన్నారు. ఆవిడ సంగతి మాకెవరికీ తెలియదు. ఇప్పటికీ అంతకుమించి తెలియదు.

ఒక మంగళవారం పదకొండింటికి వచ్చిన పిల్ల రెండున్నరకి ఇంటికి వెళ్ళలేదు. వేరే రాష్ట్రంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళింది. కేసు నడుస్తోంది. పర్మిట్ కాగితాల కోసం ఎదురుచూస్తోంది. కొన్ని రాత్రులు ఫోన్ చేసి ఏమీ మాట్లాడదు, నేనూ మాట్లాడను, కాసేపుండి పెట్టేస్తుంది.

క్లబ్బులో ఇంకా సభ్యురాలే. పోస్టాఫీసులో మీడియా మెయిల్ అని పుస్తకాలకి చవక రేటుంది, నెలనెలా ఒక కాపీ అలా వెళ్తుంది, అక్కణ్ణుంచి పాతది వస్తుంది. పోయిన నెల వచ్చిన పొట్లంలో హార్లిక్స్ సీసాకోసం మడతపెట్టిన చీటీ కూడా ఉంది. మీటింగులో తెరిచాం. ఈసారి తప్పు చెప్పింది, పాపం ఆ తోటమాలికి ఏ పాపమూ తెలియదు.

ఈ నెల పుస్తకం నిన్న రాత్రి పూర్తి చేశాను. పొద్దున్నే ఫోన్ చేతిలోకి తీసుకుంటే పిల్ల మెసేజ్ ఉంది: “అక్కా, నూటనలభయ్యో పేజీలో ఉన్నా. బెడ్‌లైట్ వేసుకుని మంచం మీదే చదువుతున్నా. ఏమీ చెప్పకు.”

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయాను.