మారిన ఇంటి పన్ను లెక్క: పట్టణవాసుల అభ్యంతరం ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి పన్నును లెక్కించే పద్ధతి 2021 ఏప్రిల్ 1 నుంచి మారింది. అంతకుముందు వార్షిక అద్దె విలువ దానికి ప్రాతిపదికగా ఉండేది. ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రాబడి ఉంటుందో అంచనా వేసి, అందులో నిర్ణీత శాతాన్ని పన్నుగా వసూలు చేసేవారు. కొత్త విధానంలో రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే విలువలపై లెక్కగట్టిన మూలధన విలువ ప్రాతిపదిక అయింది. 2020 నవంబరులో వెలువడిన నిబంధనల ప్రకారం నివాస గృహాలకు ఈ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను విధించవచ్చు.

ఈ మార్పుపై విశాఖపట్నంలో కాలనీల సంక్షేమ సంఘాలు, ప్రతిపక్షాలు తీవ్ర అభ్యంతరం వ్యక్తం చేశాయి. పెంపు 15 శాతానికి మించదని ప్రభుత్వం ప్రకటించినా ఆందోళన సద్దుమణగలేదు. ఆ పరిమితి ఒక్క ఏడాదికే కాక, పన్ను కొత్త స్థాయిని చేరేదాకా ఏటా వర్తిస్తే భారం ఎంతవుతుందన్నది నివాసితుల ప్రశ్న. ఉదాహరణకు 30 లక్షల రూపాయల మూలధన విలువ గల ఇంటికి 0.15 శాతం చొప్పున పన్ను 4,500 రూపాయలవుతుంది. యజమాని పాత పద్ధతిలో 2,000 రూపాయలు చెల్లిస్తున్నారనుకుంటే, 15 శాతం పెంపుతో తొలి ఏడాది 2,300, మలి ఏడాది 2,645 చొప్పున పెరుగుతూ అయిదో ఏడాదికి పన్ను 4,000 దాటుతుంది. ఒకేసారి మీద పడని భారం అయిదేళ్లలో రెట్టింపవుతుందన్నమాట.

అద్దె విలువకు ఆదాయంతో ఎంతో కొంత సంబంధం ఉంటుంది. మూలధన విలువ మాత్రం ఇల్లు అమ్మినప్పుడే చేతికొచ్చే సొమ్ము. నలభై ఏళ్ల క్రితం కట్టుకున్న ఇంట్లో పింఛనుపై బతికే దంపతులకు, చుట్టుపక్కల స్థలాల ధర పెరిగినంత మాత్రాన ఆదాయం పెరగదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978లో ఇదే ఆందోళన ప్రజాభిప్రాయ సేకరణకు దారితీసింది. పన్నును ఆస్తి విలువలో ఒక శాతానికి, పన్ను కోసం లెక్కించే విలువ పెరుగుదలను ఏడాదికి 2 శాతానికి పరిమితం చేసే సవరణను అక్కడి ఓటర్లు ఆమోదించారు. దాంతో స్థానిక సంస్థల రాబడి బాగా పడిపోయిందన్నదీ నిజమే.

ప్రభుత్వం వాదనలోనూ బలం లేకపోలేదు. దేశంలో పట్టణ స్థానిక సంస్థలు ఆస్తి పన్ను ద్వారా రాబట్టవలసినంత రాబట్టడం లేదని ఆర్థిక నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. కరోనా సంక్షోభంలో కేంద్రం 2020 మేలో రాష్ట్రాలకు అదనపు రుణ పరిమితి ఇస్తూ, అందులో కొంత భాగాన్ని సంస్కరణలతో ముడిపెట్టింది. రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఆస్తి పన్ను కనీస రేట్లను ప్రకటించడం వాటిలో ఒకటి. ఈ పట్టణ సంస్కరణలను తొలుత పూర్తిచేసిన రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. దీంతో ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల రూపాయల అదనపు రుణం తీసుకునే వెసులుబాటు లభించింది. పదిహేనో ఆర్థిక సంఘం కూడా పట్టణాల గ్రాంట్లకు ఇటువంటి షరతే విధించింది.

అయితే నిబంధనలు వెలువడిన సమయం గమనార్హం. రాష్ట్రంలోని అత్యధిక పురపాలక సంఘాల పాలకవర్గాల గడువు 2019లోనే ముగిసింది. విశాఖ నగరపాలక సంస్థకు 2007 తర్వాత ఎన్నికలే జరగలేదు. 2021 మార్చిలో కొత్త పాలకవర్గాలు ఎన్నికయ్యే నాటికి పన్ను ప్రాతిపదిక ఖరారై ఉంది. కార్పొరేటర్ లేని కాలంలో నిర్ణయమైన పన్నుపై జవాబు చెప్పవలసింది ఎవరన్న ప్రశ్నను అధికారుల వివరణలు తీర్చలేకపోయాయి.

ఖర్చు విషయంలోనూ అసంతృప్తి ఉంది. పురపాలక చట్టం ప్రకారం ఆస్తి పన్నులో సాధారణ అవసరాలతో పాటు నీరు, మురుగు పారుదల, వీధి దీపాలు, పారిశుద్ధ్యం పద్దులూ ఇమిడి ఉంటాయి. దీనికితోడు గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు. పారిశుద్ధ్యానికి పన్నులోనే చెల్లిస్తుండగా 2021 అక్టోబరు నుంచి చెత్త సేకరణకు విడిగా రుసుము విధించడంతో, ఒకే సేవకు రెండుసార్లు చెల్లించాలా అని గృహిణులు సైతం నిలదీశారు. ‘చెత్త పన్ను’గా పేరుపడిన ఆ రుసుమును రద్దు చేస్తున్నట్లు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ప్రకటించారు.

వసూలైన సొమ్ము ఏ వార్డులో ఎంత ఖర్చయిందో పౌరులు అడిగే వేదిక నగరాల్లో బలహీనంగా ఉంది. గ్రామీణ గిరిజన ప్రాంతాలకు చట్టం ఇంతకన్నా స్పష్టమైన హక్కు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అయిదో షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం, బీజాపూర్ జిల్లా తర్రెం వంటి పల్లెల్లో పంచాయతీ చేసిన ఖర్చుకు గ్రామసభ ధ్రువీకరణ పొందాలి. దశాబ్దాలుగా తుపాకుల నీడలో ఉన్న ఆ ప్రాంతంలో అమలు సంగతి వేరు. హక్కు మాత్రం చట్టంలో రాసి ఉంది. లక్షల జనాభా గల విశాఖ నివాసికి అటువంటి ధ్రువీకరణాధికారం లేదు. మూడు లక్షలు, అంతకు మించి జనాభా గల పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం చెబుతోంది. వార్డు సచివాలయాలను ఆ కమిటీలుగా పొరబడుతున్నవారూ ఉన్నారు. సచివాలయంలో ఉండేది ప్రభుత్వ ఉద్యోగులు. ఖర్చును సమీక్షించే అధికారం వారిది కాదు.

ప్రస్తుతానికి పౌరులకు ఉన్న మార్గాలు పరిమితం. పన్ను మదింపుపై కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ ఇవ్వవచ్చు. కొలతలు, భవన వినియోగం తప్పుగా నమోదైన సందర్భాల్లో ఇది ఎక్కువగా ఉపకరిస్తుంది. బడ్జెట్ కేటాయింపులను ప్రభుత్వ సంస్థలు తమంతట తామే వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్ నిర్దేశిస్తోంది. వెల్లడించకుంటే అదే చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. అభ్యంతరం తెలిపినంత మాత్రాన చెల్లింపు గడువు ఆగుతుందని భావించడం పొరపాటు. బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.