రొట్టెల పండుగకు వ్యాన్‌లో వస్తున్నారా? రాత్రి బండి ఎక్కడ ఆపాలి?

మొహర్రంలో నెల్లూరు బారా షహీద్ దర్గాకు చాలా కుటుంబాలు వ్యాన్లలో వస్తాయి. రూమ్ దొరక్కపోతే పడక బండిలోనే. స్వర్ణాల చెరువు దగ్గర జియారత్ అయ్యాక, పిల్లలు సముద్రం చూద్దామంటే సుమారు 25 కి.మీ. దూరంలోని మైపాడు బీచ్‌కు పోతారు.

అక్కడ బండిని ఇసుకలోకి దింపొద్దు, చక్రాలు కూరుకుపోతాయి. చాంద్ తారీఖు కూడా చూసుకోండి. నెలవంక, పున్నమి రోజుల్లో పోటు ఎక్కువ, నీళ్లు ఇంకా పైకి వస్తాయి. పదో తారీఖుకు కాస్త తగ్గినా నమ్మకూడదు. ఊళ్లో ఖాళీ జాగా ఉంటే, అడిగి ఆపండి.

ఆడవాళ్లకు బాత్రూమ్, వజూకు నీళ్లు కావాలంటే 16వ నంబర్ హైవే మీద పెట్రోల్ బంకులు నయం. టాయిలెట్, తాగునీళ్లకు డబ్బు అక్కర్లేదు. రాత్రి ఉండడానికి మాత్రం బంకువాళ్లను అడగాలి. అక్కడ స్టవ్ వెలిగించొద్దు. అద్దాలు మూసిన వ్యాన్‌లో అయితే ఎక్కడా వెలిగించొద్దు, ఆ పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.