మూడంగుళాల లోతు

దీర్ఘఘనం, ఘనపరిమాణం అనగానే ముఖం తిప్పుకునే మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. “ఆ లెక్కలు అన్నం పెడుతయా?” అని అడుగుతారు. పెడుతయి అనే నా జవాబు. ఎట్లాగో మనవి చేస్తాను.

అగ్గిపెట్టె, ఇటుక, ఇంట్లో బట్టలు పెట్టుకునే సందూగ, అన్నీ దీర్ఘఘనాలే. చాపకు పొడవు, వెడల్పు చాలు. సందూగకు ఎత్తు కూడా కావాలె. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల చోట ఒక్కో అడుగు ఘనాలను పేరిస్తే ఒక పొరకు 100 పడతాయి. ఎత్తు ఎన్ని అడుగులో అన్ని పొరలు. సూత్రమంటే ఇంతే, బట్టీ పట్టవలసిందేమీ లేదు.

ఇక అన్నం సంగతి. 2006లో మన ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఉపాధి హామీ పనులు మొదలైనవి. మట్టి పనికి కూలి, తవ్విన గుంత కొలతను బట్టి కట్టేవారు. గుంతలో తవ్వకుండా వదిలిన మట్టిదిమ్మె పాత నేలమట్టానికి సాక్షి. లోతును దాన్ని బట్టే కొలవాలె. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, అడుగు లోతు గుంతలో మట్టి 100 ఘనపుటడుగులు. పొడవులో మూడంగుళాలు తక్కువ రాస్తే పోయేది రెండున్నర ఘనపుటడుగులే. అదే మూడంగుళాలు లోతులో తక్కువ రాస్తే 25 పోతాయి. అంటే నాలుగో వంతు కూలి గల్లంతు! అన్నిటికన్నా చిన్న కొలత దగ్గరే టేపు జాగ్రత్తగా పట్టాలన్న మాట.

చెరువులకైనా, ప్రాజెక్టులకైనా ఇదే న్యాయం. మన లక్సెట్టిపేట పొలాలకు నీళ్లిచ్చే కడెం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 700 అడుగులు. ఇది ఎత్తు మాత్రమే. ఎన్ని నీళ్లున్నాయో చెప్పేది టీఎంసీ. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వెయ్యేసి అడుగులున్న పెట్టె అనుకోండి. ఆ నీటిని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు మునుగుతాయి. విశాలమైన జలాశయంలో మట్టం ఒక్క అడుగు పెరిగిందంటే ఎన్ని నీళ్లు చేరినట్టో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. 2022 జూలై వరదలో కడెం గేట్ల మీదుగా నీరు పొర్లినప్పుడు జనం అడుగులు లెక్కబెట్టుకుంటూ భయపడ్డది ఇందుకే.

మిత్రులారా! సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక గుంతను మీరే కొలిచి చూడండి. మట్టి పనికి పోయే అమ్మకో అన్నకో ఆ లెక్క నేర్పండి. చదువుకున్నందుకు మనం తీర్చవలసిన బాకీలో అదీ ఒకటి.