పెరటిచెట్టు వైద్యము

తిరుమల ఆలయమున శ్రీవారి హుండీకి సమీపమున ఒక చిన్న రాతిగది కలదు. దాని ద్వారమునకు ఇరుప్రక్కల తాళ్లపాక అన్నమాచార్యుల రూపమును, ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుల రూపమును శిలపై మలచబడియున్నవి. దర్శనము ముగించుకొని, ముడుపు చెల్లించు తొందరలో, వెనుకవారి తోపులాటకు ముందుకు సాగిపోవు యాత్రికునకు ఆ బొమ్మల యెదుట నిలుచు తీరిక ఉండదు. అందుకై అతనిని తప్పుపట్టుటయు న్యాయము కాదు. కాని పూలబుట్టలు, నీటిబిందెలు, ప్రసాదపు గంగాళములు, పద్దుపుస్తకములు మోసికొనుచు ఆ వాకిటి ముందుగనే దినమునకు పదిమారులు తిరుగుచు, తాతతండ్రులనుండి స్వామి కొలువులో బ్రతికినవారు సైతము లోపలనున్న రాగిరేకుల మీద పదునాలుగువేలకు చేరువైన సంకీర్తనలు చెక్కబడియున్నవను సంగతిని చాలకాలము పట్టించుకొనలేదు. 1922లో గాని ఆ రేకులు లోకమునకు తెలియలేదు. అవి సుమారు 2,500.

పెరటిచెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరకే అనలేదు. ఏ ఉద్యోగి నడిగినను, తాను పనిచేయు చోటున కొత్తగా తెలిసికొనవలసిన దేమున్నదని ఎదురు ప్రశ్నించును. పరిశోధన యనగా విశ్వవిద్యాలయములలో జరుగు వ్యవహారమనియు, దానికి వేరే మనుష్యులు, వేరే బల్లలు, వేరే జీతములు ఉండుననియు మన నమ్మకము. ఈ నమ్మకమును తలక్రిందులు చేసిన ఉదాహరణ తిరుపతిలోనే ఉన్నది గనుక, తన కొలువున్న చోటనే పరిశోధన చేయుటలోని సాధకబాధకములను దాని నాధారము చేసికొని విచారింతము.

ఐతే 1922కు పూర్వము ఆ రేకులను గురించి బయటివారికి బొత్తిగా తెలియదనుకొనుట పొరబాటు. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించిన ఎ.డి. కాంబెల్ అను దొర, తిరుపతి రాగిరేకులపై ప్రాచీన వ్యాకరణ గ్రంథమేదో ఉన్నదని విని, వానిని పరీక్షింపజేసి, అందు దేవునిపై స్తుతిగీతములు తప్ప మరేమియు లేవని తేల్చి తృప్తిపడెను. వ్యాకరణమును వెదకబోయిన వానికి కీర్తన దొరకినచో అది నిరాశయే గదా! అతని దోషమేమియు లేదు. అతడు వచ్చిన పని వేరు. బయటివాడు తన ప్రశ్నను ఇంటినుండియే మూటగట్టుకొని వచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము లేనిచో మూట తిరిగి భుజాన వేసికొని పోవును. లోపలివానికి పోవు చోటు లేదు. ఈ ఒక్క భేదము వలననే ఒక శతాబ్దము పిమ్మట వ్యవహారము మారినది.

మారుటకు కారకులలో ముఖ్యులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు. హథీరాంజీ మఠపు మహంతుల పరిపాలనము ఇంకను సాగుచుండగనే దేవస్థానపు శాసన పరిశోధకులుగా కుదురుకొని, తిరుమల తిరుపతి ఆలయముల గోడలను అక్షరమక్షరముగా చదివి, 1930లో ఆ శాసనములపై ఒక సమగ్ర నివేదికను, 1931లో శాసన సంపుటములలో మొదటిదానిని వారు వెలువరించిరి. 1933లో మహంతుల యాజమాన్యము తొలగి దేవస్థానము కొత్త కమిటీ చేతికి వచ్చినను ఈ పని ఆగలేదు, వి. విజయరాఘవాచార్యులుగారి చేతిమీదుగా కూడ సాగి, ఆ దశాబ్దము ముగియునంతలో ఆరు సంపుటములై నిలిచినది. యజమానులు మారినను దస్త్రము మూతపడకపోవుట మన దేశమున ఎంత అరుదో కచేరీలలో పనిచేసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ పని యెట్టిదో ఒక్కమారు దగ్గరనుండి చూడవలెను. శాసనమున్న రాతిని మొదట బురుసుతో రుద్ది, నూనెజిడ్డు, దీపపు మసి, ఏండ్ల తరబడి పూసిన సున్నము వదలగొట్టవలెను. తడిపిన దళసరి కాగితమును రాతికి అంటించి, బిరుసైన కుంచెతో మెల్లమెల్లగా కొట్టుచుండగా కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. పిమ్మట సిరా అద్దిన గుడ్డమెత్తతో పైపైన తట్టినయెడల, నల్లని నేలమీద తెల్లని అక్షరములు తేలివచ్చును. దీనినే ఎస్టాంపేజీ అందురు. కాగితము ఆరువరకు దానిని ఎవరును తాకరాదు. తెల్లవారుజామున సుప్రభాతము మొదలు రాత్రి ఏకాంతసేవ వరకు జనము కదలుచునే యుండు ఆలయమున, ఏ గోడ ఏ ఘడియలో ఖాళీగా దొరకునో, ఏ ఉత్సవమునకు ముందు ఏ ప్రాకారమును కడిగెదరో, ఎవరినడిగినచో నిచ్చెన దొరకునో ఎరిగినవాడు లోపలివాడే. ఎంతటి పండితుడైనను బయటినుండి వచ్చినవానికి ఈ జ్ఞానమును ఏ గ్రంథమును నేర్పదు.

గోడలు చెప్పిన కథలో దేవుని మహిమతోపాటు కచేరీ లెక్కయు నిండుగా ఉన్నది. వేయికి పైబడిన ఆ శాసనములలో అధికభాగము అరవము. తెలుగును కన్నడమును కొన్ని. ఏ దాత ఎన్ని పణములు శ్రీభండారమున కట్టెను, ఆ ధనముతో దేవుని గ్రామములలో ఏ చెరువునకు కాలువ త్రవ్వింపవలెను, ఆ నీటివలన హెచ్చిన పంటతో ఏ తిథిన ఎన్ని అప్పములు, ఎన్ని దోసెలు ఆరగింపు చేయవలెను, ఆరగింపైన ప్రసాదములో దాత వంతు నాలుగవ పాలు ఎవరికి చెందవలెను అను వివరములన్నియు రాతిమీద నున్నవి. రాత్రి ఏకాంతసేవలో పవళించు భోగ శ్రీనివాసుని వెండిమూర్తి పల్లవ రాణి సామవై సమర్పించినదనియు, అది క్రీ.శ. 966 నాటి మాటయనియు మనకు తెలియుటకు ఆధారము ఈ గోడయే. నిత్యము ఆ మూర్తికి జోల పాడుచున్నవారికే దాని వయస్సు గోడవలన తెలిసినదనగా, ఉద్యోగియందు అనుభవమును జ్ఞానమును రెండు వేర్వేరు అరలలో ఉండవచ్చునని స్పష్టమగుచున్నది.

ఈ సంపుటములు చదివియే బర్టన్ స్టీన్ అను అమెరికా చరిత్రకారుడు, మధ్యయుగపు దక్షిణాది దేవాలయము భక్తుల సొమ్మును సేద్యపు నీటిపై మదుపుపెట్టు సంస్థగా ఎట్లు పనిచేసెనో వివరించుచు 1960లో ఒక ప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. లోపలివాడు వరుసలో పేర్చిపెట్టినదానిని బయటివాడు కొత్తకోణమున చూచెను. ఇరువురిలో ఎవరు గొప్పయను తగవు నాకు రుచింపదు. ఐనను ముందు పేర్చినవాడు లేనిచో చూచుటకేమున్నది?

రాగిరేకుల విషయమునను ఇట్లే ఒకరి పనిమీద మరియొకరి పని నిలిచినది. మొదటి రేకులో, అన్నమయ్యకు పదునారవయేట శక సంవత్సరము 1346 క్రోధియందు స్వామి ప్రత్యక్షమైనట్లును, 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశితో ఆయన జీవితము ముగిసినట్లును వ్రాయబడియుండుటచే, కవి కాలమును గూర్చిన చర్చ అక్కడికక్కడే తీరిపోయెను. క్రీ.శ. 1408 – 1503 అని నేడు బడిపిల్లలు చదువుచున్నది ఆ రేకు చెప్పిన లెక్కయే. 1939లో దేవస్థానము స్థాపించిన ప్రాచ్య పరిశోధన సంస్థకు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వచ్చి, మనుమడు చిన్నన్న వ్రాసిన ద్విపద జీవితచరిత్రను 1949లో ప్రకటించిరి. రేకులపై ప్రతి పాటకు రాగము పేరున్నది, స్వరము లేదు. కావున ఆ మూగపాటలకు గొంతునిచ్చు భారము, 1950 ప్రాంతమున అదే సంస్థలో చేరిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారిపై పడినది. ఆయన కూర్చిన స్వరములు అన్నమయ్య అసలు వరుసలని ఆయన యెన్నడును భ్రమింపజేయలేదు. దొరకినదేదో, తాను కల్పించినదేదో విడదీసి చూపుట పరిశోధకుని ప్రథమ ధర్మము.

ఇంతవరకు లోపలివానిని మెచ్చుకొంటిని. ఇక అతని కంటికి ఆనని విషయమునకు మన పాత చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె చెంత నిదర్శనము కలదు. అక్కడి ఆరోగ్యవరమున ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమున వెలసిన క్షయరోగ ఆరోగ్యశాలకు డెన్మార్కునుండి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ తొలి అధిపతియై, చికిత్సతోపాటు రోగుల వృత్తాంతములను ఓపికగా నమోదు చేయు సంప్రదాయమును నెలకొల్పెను. తరువాత అదే యింటిపేరు గల జె. ఫ్రిమోట్-మోలర్ ఆరోగ్యశాల గోడలు దాటి, 1950నుండి 1955వరకు మదనపల్లె పట్టణమునను చుట్టుపట్ల పల్లెలలోను ఎక్స్‌రే యంత్రముతో తిరిగి, జనులను మరల మరల పరీక్షించి, ఆ ఫలితములను 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రకటించెను. మంచమువద్దకు వచ్చిన రోగిని మాత్రమే చూచువానికి ఊరిలో దగ్గుచు తిరుగు రోగి కనబడడని గ్రహించి, తన వైద్యశాలనుండియే ఊరిలోనికి దారి తీసిన పని యది.

కాని అదే కాలమున మద్రాసులో మరియొక ప్రశ్న పుట్టినది. 1956లో నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, కొందరు రోగులకు ఇంటివద్దను, కొందరికి ఆరోగ్యశాలలోను ఒకే మందులిచ్చి పోల్చి చూచి, ఇంటిలోని పేద రోగియు దాదాపు సమానముగనే కోలుకొనుచున్నాడని 1959లో తేల్చినది. అనగా అసలు ఆరోగ్యశాల అవసరమా యని అడిగినట్లే! ఆరోగ్యశాలలో జీతము తీసికొనువానికి ఈ ప్రశ్న తోచుట సులభము కాదు. తోచినను పైవారి యెదుట దానిని పలుకుట మరింత కష్టము. తాను కూర్చున్న కొమ్మను పరీక్షించు చేతికి వణకు సహజము.

ఈ వణకును ఎరిగియే కాబోలు, ఇంటి పరిశోధనకు సరిపడు చిన్న కొలతను పాశ్చాత్యులు కనిపెట్టిరి. 1946లో కర్ట్ లెవిన్ యాక్షన్ రీసెర్చ్ అను మాటను వాడుకలోనికి తెచ్చెను; 1953లో స్టీఫెన్ కోరీ దానిని బడిపంతుళ్ల చేతికిచ్చెను. మన శిక్షణ కళాశాలలలో దానిని చర్యాత్మక పరిశోధన యందురు. కార్వేటినగరపు ఉపాధ్యాయ శిక్షణ సంస్థ వంటి చోట్ల చదివినవారందరును ఏదో ఒకటి చేసి, అట్టకట్టి, మార్కులు వేయించుకొని మరచిపోయినవారే. మరువవలసినది కాదది. మూడవ తరగతి పిల్లలు తీసివేత లెక్కలో సున్న వచ్చిన చోటనే తడబడుచున్నారని ఒక పంతులు గమనించెననుకొందము. రెండువారములు పుల్లలకట్టలతో చెప్పి, ముందు ఎందరు తప్పిరి, పిమ్మట ఎందరు తప్పిరి యని నోటుపుస్తకమున వ్రాసికొన్నచో అదియే పరిశోధన. ఫలితము రాకపోయినను వ్రాయవలెను. రాకపోయినదానిని దాచుకొనుటయే మన ఉద్యోగుల తొలి దోషము.

పైవారి అనుమతి లేక మొదలుపెట్టరాదు. ఆసుపత్రిలోనైనచో రోగి సమ్మతియు, భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి ప్రకారము నైతిక సమితి ఆమోదమును తప్పనిసరి. పట్టమునకై చేయువారికి 2022నాటి యూజీసీ నిబంధనలు ఉద్యోగము చేసికొనుచునే పీహెచ్‌డీ చేయుటకు దారి యిచ్చినవి. యజమాని నిరభ్యంతర పత్రము మాత్రము తేవలెను. ఇక తోటి ఉద్యోగిని ప్రశ్నించునప్పుడు, అతడు రేపును అదే బల్లదగ్గర మనతో టీ త్రాగవలసినవాడని జ్ఞాపకముంచుకొనవలెను. అతని పేరు వ్రాయకున్నను, ఆ కచేరీలో ముగ్గురే గుమాస్తాలున్నచో మూడవవాడెవడో అందరికిని తెలిసిపోవును.

నేను కొంతకాలము పనిచేసిన ఒక కార్యాలయమున, చెరువులలో ఏటేట నీరెంత చేరెనో వ్రాసియుంచిన పాత రిజిస్టరులు ఒక ఇనుపబీరువా నిండ ఉండెడివి. ఎండకాలపు చెరువెట్లుండునో ఎరిగిన రాయలసీమవానికి వాని విలువ చెప్పనవసరము లేదు. వాని వరుస తెలిసిన వృద్ధ గుమాస్తా ఒక్కడే. ఆయన పదవీవిరమణ చేసిన మరుసటి సంవత్సరము, సున్నము వేయించు సందడిలో ఆ రిజిస్టరులు తూకమునకు పోయినవి. అప్పుడు నేనును అక్కడనే ఉంటిని, ఏమివని అడుగలేదు.

ఈ నెలాఖరున కొలువు విరమింపబోవు పాఠకులెవరైన ఉన్నయెడల, బీరువా తాళపుచెవిని అప్పగించుటకు పూర్వము, ఏ అరలో ఏ దస్త్రమున్నదో, ఏ పుస్తకము ఏ సంవత్సరముతో ఆగిపోయినదో ఒక తెల్లకాగితముమీద వ్రాసి, తలుపు లోపలివైపున అంటించి పోవలసినదిగా నా మనవి.